స్టంప్ మైకు ఎవరి మాట వింటుంది?

2025 జులై 10న లార్డ్స్‌లో భారత్, ఇంగ్లండ్ టెస్టు మొదలైంది. నితీశ్ కుమార్ రెడ్డి ఒకే ఓవర్లో డకెట్‌ను, క్రాలీని అవుట్ చేసిన రోజు అది. అతడి బౌలింగ్ సాగుతుండగా కెప్టెన్ శుభ్‌మన్ గిల్ అన్న "బాగుంది రా మామ" అనే మాట వికెట్ల దగ్గర అమర్చిన స్టంప్ మైకుకు చిక్కింది. పంజాబీ కుర్రవాడు, లండన్ మైదానం, తెలుగు మాట. ఆ కొద్ది సెకన్ల ముక్క నల్లగొండ గడియారం సెంటర్ టీ కొట్ల నుంచి గద్వాల బస్టాండు దాకా ఫోన్లలో తిరిగింది. రెండు రోజుల తరువాత అదే టెస్టులో, సమయం వృథా చేస్తున్నాడంటూ క్రాలీ మీద గిల్ విసిరిన బూతు మాట కూడా మైకులో వినిపించింది. నోరు ఒకటే, మ్యాచ్ ఒకటే. అయినా తెలుగువారి మధ్య గిల్ పేరు వస్తే ముందు గుర్తుకొచ్చేది "మామ" అన్న పిలుపే.

క్రికెట్ చూసే ప్రతి ఊళ్లోనూ ఇలాంటి తీర్పులు నిత్యం జరుగుతుంటాయి. ఫలానా ఆటగాడు పొగరుబోతు అంటారు. ఫలానావాడు సరదా మనిషి అంటారు. ఫలానా వ్యాఖ్యాత పక్షపాతి, మరొకరు నోరు తెరిస్తే సినిమా డైలాగులే అంటారు. ఈ అభిప్రాయాలు ఆటను చూసి ఏర్పడినవేనా, లేక ఆటలో నుంచి ఏరి వినిపించిన ముక్కల వల్ల ఏర్పడినవా అన్నది తరచిచూడవలసిన విషయం.

సంక్షిప్తంగా

మైదానంలో జరిగే సంభాషణలో ప్రేక్షకుడికి చేరేది చిన్న భాగం. ఆ భాగం ఏమిటన్నది మైకు ఉన్న చోటును బట్టి, ప్రకటనల విరామాన్ని బట్టి, ప్రసార భాషను బట్టి మారుతుంది. వికెట్‌కీపర్ల మాట వినిపిస్తుంది, బౌలర్ల ముఖం కనిపిస్తుంది. అందుకే కీపర్లకు చమత్కారులన్న పేరు, బౌలర్లకు కోపిష్టులన్న ముద్ర సులువుగా వస్తున్నాయి. వ్యాఖ్యాతల మీద వచ్చే ఫిర్యాదులకూ మూలం చాలావరకు వారి స్వభావంలో లేదు. వారిని ఎవరు నియమించారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్న విషయాల్లో ఉంది. దక్షిణ తెలంగాణ ప్రేక్షకుడికి తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ కూడా చెవికి అలవాటు కాబట్టి ఈ తేడాలు అతడికి మరింత స్పష్టంగా తెలుస్తాయి.

రేడియో నాటి నమ్మకం

ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి ఆట విన్న తరానికి వ్యాఖ్యాతే కన్ను. ఆకాశవాణిలో ఇంగ్లిష్, హిందీ వంతులవారీగా వచ్చేవి. బంతి ఆఫ్ స్టంప్ బయట పడిందని చెబితే బయట పడినట్టే. కాదనడానికి శ్రోత దగ్గర వేరే ఆధారం ఉండేది కాదు. టీవీ వచ్చాక చూపు ప్రేక్షకుడిదైంది, వ్యాఖ్యాత తప్పు చెబితే పట్టుకునే వీలు కలిగింది. ఆ తరువాత స్టంప్ మైకు వచ్చి మైదానంలోని మాటను కూడా నేరుగా ఇంటికి తెచ్చింది. చూడటం, వినడం రెండూ ప్రేక్షకుడి చేతికి వచ్చాక వ్యాఖ్యాతకు మిగిలిన పని ఒక్కటే, అర్థం చెప్పడం. అర్థం చెప్పేవారితో విభేదించడం ఎవరికైనా సులువు కనుక, రేడియో నాటి వ్యాఖ్యాతకు దక్కిన గౌరవం నేటివారికి దక్కడం లేదు.

మైకు ఉన్న చోటే మనిషి పేరు

స్టంప్ మైకు పుట్టింది కబుర్లు వినిపించడానికి కాదు. బ్యాటు అంచుకు బంతి తగిలిన చప్పుడును పట్టుకోవడం, ఆటకు సహజమైన శబ్దాన్ని ఇవ్వడం దాని పని. అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించే డీఆర్ఎస్‌లో తెర మీద కనిపించే శబ్ద తరంగం ఆ మైకు నుంచి వచ్చేదే. బంతి ఆటలో లేనప్పుడు మైకు శబ్దాన్ని తగ్గించాలన్న నిబంధన చాలాకాలం ఉండేది. 2018 చివర్లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) దాన్ని సడలించింది. అప్పటినుంచి బంతికీ బంతికీ మధ్య మాటలను ప్రసారం చేసే స్వేచ్ఛ ప్రసార సంస్థలకు వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది దూరం. మైకు స్టంప్స్ దగ్గర ఉంటుంది. దానికి దగ్గరగా రోజంతా నిలబడేవాడు కీపర్, ఆ తరువాత బ్యాటర్, స్లిప్‌లో ఉన్నవారు. ధోనీ స్పిన్నర్లకు ఇచ్చే సూచనలు, 2018లో ఆస్ట్రేలియాలో రిషభ్ పంత్, టిమ్ పెయిన్ ఒకరినొకరు ఆటపట్టించుకున్న మాటలు ఇంటింటా వినిపించడానికి కారణం వారి చమత్కారం ఒక్కటే కాదు, వారు నిలబడిన చోటు కూడా. ఫాస్ట్ బౌలర్ సంగతి వేరు. బంతి వేసి పిచ్ మధ్య దాకా వస్తాడు, ఏదో అంటాడు, వెనక్కి తిరుగుతాడు. ఆ మాట మైకుకు అందదు. కెమెరా మాత్రం అతడి ముఖాన్ని తెర నిండా చూపిస్తుంది. బిగించిన పళ్లు, పెద్దవైన కళ్లు, ఎత్తిన వేలు కనిపిస్తాయి. మాట లేని ముఖం ఎప్పుడూ కోపంగానే కనిపిస్తుంది. ఒకవేళ మాట మైకుకు అందాలంటే బౌలర్ గొంతు పెంచాలి. గొంతు పెంచితే అదే కోపానికి రుజువు అవుతుంది.

మహ్మద్ సిరాజ్ విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2024 డిసెంబరులో అడిలైడ్‌లో 140 పరుగులు చేసిన ట్రావిస్ హెడ్‌ను సిరాజ్ బౌల్డ్ చేశాడు. వెళ్లిపొమ్మన్నట్టు చేసిన సైగ ప్రపంచమంతా చూసింది. ఇద్దరి మధ్య నడిచిన మాట మాత్రం స్పష్టంగా ఎవరికీ వినబడలేదు. బాగా వేశావని తాను అన్నట్టు హెడ్ చెప్పాడు. అలా అనలేదని సిరాజ్ చెప్పాడు. స్థానిక వీరుడిని చప్పట్లతో సాగనంపి ఉంటే బాగుండేదని గావస్కర్ సిరాజ్‌నే తప్పుపట్టారు. ఐసీసీ ఇద్దరినీ దోషులుగా తేల్చింది. సిరాజ్‌కు మ్యాచ్ ఫీజులో 20 శాతం జరిమానా, ఒక డీమెరిట్ పాయింటు, అంటే ఖాతాలో చేరే ఒక తప్పు గుర్తు. హెడ్‌కు జరిమానా లేకుండా ఒక డీమెరిట్ పాయింటు. ప్రేక్షకుల జ్ఞాపకంలో మిగిలింది మాత్రం సిరాజ్ ముఖమే.

ఎనిమిది నెలల తరువాత ఓవల్‌లో సిరాజ్ అయిదో రోజు వరకు బంతి విసురుతూనే ఉన్నాడు. అప్పుడు ఇంగ్లండ్ బ్యాటర్ జో రూట్ అతడి గురించి ఒక మాట అన్నాడు. సిరాజ్ నిజమైన యోధుడని, అప్పుడప్పుడు చూపించే కోపం నటన అని తనకు తెలిసిపోతుందని, నిజానికి మంచి మనిషని. ఇరవై రెండు గజాల దూరం నుంచి ఆ ముఖాన్ని ఎదుర్కొన్న బ్యాటర్ చెప్పినది ఇది. ఆటో నడిపిన తండ్రి చనిపోయినా ఆస్ట్రేలియా పర్యటనలోనే ఉండిపోయిన ఆ బౌలర్‌ను, 2021 జనవరిలో సిడ్నీ ప్రేక్షకులు కొందరు దూషించినప్పుడు అంపైర్లకు చెప్పి ఆట ఆపించిన ఆ మనిషిని, ఒక్క సైగతో కొలవడం న్యాయం కాదు.

పాత రోజులతో పోలిస్తే ఈ తేడా మరింత తెలుస్తుంది. 1996 మార్చి 9న బెంగళూరులో భారత్, పాకిస్తాన్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఆమిర్ సొహైల్ ఫోర్ కొట్టి, బ్యాటుతో బౌండరీ వైపు చూపించాడు. మరుసటి బంతికి వెంకటేశ్ ప్రసాద్ అతడి వికెట్ ఎగరగొట్టాడు. ఇద్దరూ ఏమనుకున్నారో ఆనాడు ప్రేక్షకుడు వినలేదు. చూసినవారే ఎవరికి తోచిన మాటలు వారు పూరించుకున్నారు. అందుకే ఆ ఘట్టం పల్లెల్లో కథలా మారి, చెప్పేవారిని బట్టి సంభాషణ మారుతూ వచ్చింది. 2021 జనవరి 11న సిడ్నీలో అలా ఊహించుకునే పని లేకపోయింది. తొడ కండరం పట్టేసిన హనుమ విహారి, నడుం నొప్పితో అశ్విన్ గంటల తరబడి క్రీజులో నిలిచి టెస్టును డ్రాగా ముగించారు. కీపర్ పెయిన్ అశ్విన్‌ను రెచ్చగొట్టిన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా రికార్డయ్యాయి. ఆ తరువాత అతడి చేతుల్లో నుంచి విహారి క్యాచ్ జారిపోవడాన్నీ అందరూ చూశారు. మరునాడు పెయిన్ విలేకరుల ముందుకు వచ్చి తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పాడు. అదే మాటలను స్టంప్స్‌కు దూరంగా ఏ మిడాన్‌లోనో నిలబడి అని ఉంటే, బహుశా ఆ క్షమాపణ అవసరం పడేది కాదు.

మైకు వల్ల మంచి జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2019 జనవరిలో డర్బన్‌లో పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్, దక్షిణాఫ్రికా ఆటగాడు ఫెలుక్వాయోను ఉద్దేశించి ఉర్దూలో చేసిన జాతి వివక్ష వ్యాఖ్య మైకుకు చిక్కడం వల్లనే బయటపడింది. అతడిపై నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. 2008 సిడ్నీ వివాదంలో హర్భజన్ సింగ్ ఏమన్నాడన్నది తేల్చడానికి విచారణ, అప్పీలు, న్యాయమూర్తి జాన్ హాన్సన్ తీర్పు దాకా వెళ్లవలసి వచ్చింది. రెండింటి మధ్య తేడా ప్రధానంగా స్పష్టమైన శబ్ద సాక్ష్యం ఉండటం, లేకపోవడం.

ఆటగాళ్లు ఈ మైకు బలాన్ని గుర్తించారు. 2022 జనవరిలో కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ ఎల్గర్ ఎల్బీడబ్ల్యూ నిర్ణయం డీఆర్ఎస్‌లో మారిపోయినప్పుడు కోహ్లీ, అశ్విన్, రాహుల్ స్టంప్స్ దగ్గరకు వచ్చి తమ అసంతృప్తిని మైకులోకే వినిపించారు. అప్పటికి అది చెవి మాత్రమే కాదు, లౌడ్‌స్పీకర్ కూడా అయింది.

ప్రకటన వచ్చినప్పుడు ఏం జరిగింది?

దీనికి తోడు మరో వడపోత ఉంది. ఓవర్ ముగియగానే తెర మీదికి ప్రకటన వస్తుంది. ఆటగాళ్లు ఎదురుపడేది, దారిలో ఒకరినొకరు దాటుకుంటూ మాట్లాడుకునేది ఎక్కువగా ఆ వ్యవధిలోనే. రెచ్చగొట్టిన మాట ప్రకటన వెనుక ఉండిపోతుంది, బదులిచ్చిన మాట తెర మీదికి వస్తుంది. చూసేవారికి బదులిచ్చినవాడే మొదలుపెట్టినవాడు. దీన్ని ఎవరో కుట్ర చేసి చేస్తున్నారని అనుకోనక్కరలేదు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. 410 మ్యాచ్‌ల లెక్కన ఒక్కో మ్యాచ్ విలువ దాదాపు 118 కోట్లు. అంత సొమ్ము వెనక్కి రావాలంటే ఖాళీగా ఉన్న ప్రతి అర నిమిషమూ అమ్ముడు కావాలి.

పాలమూరు చెవి, నల్లగొండ చెవి

1948 వరకు ఈ జిల్లాలు నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాయి. కచేరీ భాష ఉర్దూ. బజారులో, బస్టాండులో, మెకానిక్ షెడ్డులో దక్కనీ నేటికీ సాగుతున్న భాష. మహబూబ్‌నగర్‌లోనైనా, మిర్యాలగూడలోనైనా ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రవాడు స్నేహితుడితో దక్కనీలో మాట కలపడం మామూలు విషయం. నారాయణపేట, గద్వాల వైపు వెళితే కన్నడమూ చెవిన పడుతుంది.

కాబట్టి స్టంప్ మైకులో వచ్చే హిందీ ఇక్కడి ప్రేక్షకుడికి అనువాదం లేకుండానే అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నం టెస్టులో రోహిత్ శర్మ తన ఫీల్డర్లను ఉద్దేశించి, తోటలో షికారు చేస్తున్నట్టు తిరగవద్దని బూతు కలిపి అన్న మాట దేశమంతా నవ్వులు పూయించింది. తెలుగు కామెంటరీ వింటున్నవారికి ఆ మాట వెనుక నుంచి వినిపిస్తుంటే, ముందు మరో గొంతు మరో విషయం చెబుతుంటుంది. రెండు భాషలూ తెలిసిన శ్రోత మైకు వైపే చెవి పెడతాడు. తెలుగు వ్యాఖ్యానం అడ్డం వస్తున్నదన్న ఫిర్యాదుకు ఇదీ ఒక కారణం. వ్యాఖ్యాత మాట బాగా లేక కాదు, అంతకంటే ఆసక్తికరమైన మాట వెనుక వినిపిస్తుండటం వల్ల.

సంబోధనల సంగతి మరీ సున్నితమైనది. తెలుగులో "రా" అన్న ఒక్క అక్షరం స్నేహితుడి నోట ముద్దు, ముక్కూమొహం తెలియనివాడి నోట అవమానం. గిల్ అన్న మాటలో "రా" పక్కన "మామ" ఉంది కాబట్టి అది చనువని తెలుగువారికి వెంటనే తెలిసింది. అదే మాటను భాష తెలియనివారికి అనువదిస్తే మెచ్చుకోలు మిగులుతుంది, చనువు పోతుంది. హిందీలోని "తూ", "తుమ్", "ఆప్" తేడా ఇంగ్లిష్‌లోకి రానట్టే. మైదానంలో మాటల మీద బయటివారు ఇచ్చే తీర్పులు తరచూ ఇక్కడే దారి తప్పుతాయి. మాటకు అర్థం ఇవ్వడంలో మొదటిది ఎవరు ఎవరితో అన్నారన్నది, రెండోది ఏమన్నారన్నది.

షామియానా కింద వ్యాఖ్యాత

సంక్రాంతికో దసరాకో ఊరి బయట టెన్నిస్ బాల్ టోర్నమెంటు జరుగుతున్న చోటికి వెళితే మరో రకం వ్యాఖ్యానం వినిపిస్తుంది. కోత కోసిన పొలమో, జూనియర్ కాలేజీ మైదానమో, సున్నంతో గీసిన క్రీజు. షామియానా కింద బల్ల మీద స్కోరు పుస్తకం, ఎండ తగలకుండా గుడ్డ కప్పిన ట్రోఫీలు, పక్కన నీళ్ల క్యాను. మైకు పట్టుకున్న మనిషి ఒక్కడే అన్నీ. బంతి చెబుతాడు, స్కోరు చెబుతాడు, రెండో బహుమతి ఇచ్చిన దాత పేరు చదువుతాడు. మధ్యలో ఆపి, బౌండరీ గీత మీద పెట్టిన బైకును పక్కకు తీయమని అడుగుతాడు. బౌలర్ పేరుతో ఆగడు. ఎవరి అబ్బాయో, ఏ వీధో, నిన్నటి మ్యాచ్‌లో ఎన్ని వికెట్లు తీశాడో కలిపి చెబుతాడు. క్యాచ్ జారవిడిచిన కుర్రవాడిని "ఎండ కళ్లలో పడింది" అని తానే కాపాడతాడు.

అతడి మీద పక్షపాతి అన్న ఫిర్యాదు పెద్దగా వినిపించదు. అతడు ఏ ఊరివాడో అందరికీ తెలుసు, అతడి పక్షం దాచిన విషయం కాదు. కఠినమైన విమర్శ కూడా అతడి నోట రాదు. క్యాచ్ వదిలిన పిల్లవాడి తండ్రి మరునాడు ఎరువుల దుకాణం దగ్గర ఎదురవుతాడు మరి. పరిచయం ఎక్కడ ఉంటుందో అక్కడ విమర్శ మెత్తబడుతుంది. పెద్ద తెర మీద జరిగేదీ దాదాపు ఇదే. ఒక్క తేడా ఏమిటంటే అక్కడి పరిచయాలు ప్రేక్షకుడికి తెలియవు.

మైదానంలో మాటల విషయంలోనూ ఊరి ఆటకు రాతలో లేని నియమాలు ఉన్నాయి. బ్యాటు గురించి, నిన్నటి డకౌట్ గురించి, పొట్ట గురించి, పరుగు గురించి ఎంతైనా అనవచ్చు. ఇంట్లో ఆడవాళ్ల గురించి, కులం గురించి మాట జారితే ఆట ఆగిపోతుంది. పెద్దలు లోపలికి వస్తారు. ఐసీసీ ప్రవర్తనా నియమావళిలో నాలుగు స్థాయుల నేరాలు, ఒక్కోదానికి శిక్ష రాసి ఉన్నాయి. దాని అసలు ఉద్దేశమూ ఇదే గీత గీయడం.

వ్యాఖ్యాతల మీద కోపం ఎక్కడిది?

వ్యాఖ్యాతల మీద వినిపించే మొదటి ఆరోపణ, భారత క్రికెట్ బోర్డును గానీ పెద్ద ఆటగాళ్లను గానీ విమర్శించరని. భారత్‌లో జరిగే మ్యాచ్‌ల ప్రధాన ప్రసారాన్ని బోర్డే తయారుచేయిస్తుంది. దానికి వ్యాఖ్యాతల బృందాన్ని ఎంచుకునేదీ బోర్డే. 2016లో ఐపీఎల్ ముందు హర్షా భోగ్లేను, 2020 మార్చిలో సంజయ్ మంజ్రేకర్‌ను ఆ బృందం నుంచి తప్పించారు. ఆ ఉదాహరణలు కళ్లెదుట ఉండగా మిగిలినవారు మాట తూచి మాట్లాడటంలో ఆశ్చర్యం లేదు.

మైకు మారితే మాట మారడాన్ని కూడా గమనించవచ్చు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో పంత్ అడ్డదిడ్డమైన షాట్ ఆడి 28 పరుగులకు అవుటైనప్పుడు, గావస్కర్ మూర్ఖత్వం అన్న అర్థం వచ్చే ఒకే మాటను మూడుసార్లు అన్నారు. అది ఆస్ట్రేలియా రేడియోలో. 2025 జూన్‌లో లీడ్స్‌లో పంత్ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు కొట్టాడు. మొదటి శతకానికి అదే గావస్కర్ అద్భుతం అన్న మాటను మూడుసార్లు అన్నారు. రెండు మాటలూ ఆ రోజుకు ఆయన నిజాయితీగా చెప్పినవే. వాటిని పక్కపక్కన అతికించి మాట మార్చాడని చూపించడం సులువు కాబట్టి అలాగే చూపించారు.

ముక్కలు చేయడం వల్ల నష్టపోయిన మాటకు మరింత మంచి ఉదాహరణ 2019 ప్రపంచకప్‌లో ఉంది. జడేజాను అరకొర ఆల్‌రౌండర్‌గా తీసిపారేశాడన్నది మంజ్రేకర్ మీద ఆరోపణ. ఆయన అన్నది యాభై ఓవర్ల ఆటకు పరిమితమైన మాట. టెస్టుల్లో జడేజా పూర్తిస్థాయి బౌలరని అదే మాటల్లో ఆయనే చెప్పారు. రెండో సగం ఎవరూ పంచుకోలేదు. జడేజా ట్విటర్‌లో ఘాటుగా బదులిచ్చి, న్యూజిలాండ్‌తో సెమీఫైనల్లో 59 బంతుల్లో 77 పరుగులు చేశాడు. భారత్ ఓడినా వాదనలో జడేజా గెలిచాడు. ఆనాటి ఆయన అంచనా తప్పన్నది వేరే సంగతి. అనని మాటకు శిక్ష పడటం మాత్రం సరి కాదు.

రెండో ఆరోపణ అర్హత గురించి. ఆడినవారే మాట్లాడాలా? 2019 నవంబరులో కోల్‌కతా గులాబీ బంతి టెస్టులో, బంతి సరిగా కనిపిస్తున్నదో లేదో ఆటగాళ్లను అడిగితే బాగుంటుందని హర్షా భోగ్లే అంటే, ఆడనివాడివి నీకు అవసరం, మాకు కాదు అన్న ధోరణిలో మంజ్రేకర్ ప్రసారంలోనే బదులిచ్చారు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, పందొమ్మిదేళ్లకే ఆకాశవాణిలో మైకు పట్టిన హర్షా గురించి ఆ మాట రావడం ఇక్కడి అభిమానులను బాధించింది. నిజానికి వ్యాఖ్యానంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. జరుగుతున్నది చెప్పడం ఒకటి, ఎందుకు జరుగుతున్నదో చెప్పడం మరొకటి. మొదటిది గొంతుకు, భాషకు, సమయానికి సంబంధించిన విద్య. అది ఆట ఆడితే రాదు, విడిగా నేర్చుకోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన రిచీ బెనో కెప్టెన్‌గా ఉండగానే విలేకరిగా పనిచేశాడు, బీబీసీలో శిక్షణ తీసుకున్నాడు. తెరకు అదనంగా చెప్పేది ఉంటేనే నోరు విప్పాలన్నది ఆయన పద్ధతి.

తెలుగు వ్యాఖ్యానం దగ్గరకు వస్తే చిక్కు ఇంకాస్త లోతుగా ఉంది. 2018 డిసెంబరులో తెలుగుకు ప్రత్యేకంగా స్టార్ స్పోర్ట్స్ చానల్ వచ్చింది. 2023లో ఐపీఎల్ ఫోన్లలో ఉచితంగా పన్నెండు భాషల్లో వచ్చింది. ఇంగ్లిష్ స్కోరు చదవలేని తల్లులు, తాతలు మొదటిసారి ఆట పూర్తిగా అర్థం చేసుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. కానీ ప్రాంతీయ భాషల వ్యాఖ్యాతలు చాలావరకు మైదానంలో ఉండరు. వేరే నగరంలో స్టూడియోలో తెర ముందు కూర్చుంటారు. జడ్చర్లలో ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి కనిపించేదే వారికీ కనిపిస్తుంది. ఫీల్డర్ ఎక్కడికి జరిగాడు, గాలి ఎటు వీస్తున్నది, కెప్టెన్ ఎవరితో మంతనాలు చేస్తున్నాడు, ఇవన్నీ కెమెరా చూపిస్తేనే తెలుస్తాయి. చెప్పడానికి కొత్త విషయం లేనప్పుడు, మౌనానికి వీలు లేనప్పుడు, ప్రాసలు, సినిమా మాటలు, కేకలు ఆ ఖాళీని నింపుతాయి. దీన్ని వ్యాఖ్యాతల అభిరుచి లోపంగా చూడటం కంటే ఏర్పాటు లోపంగా చూడటం సరైనది. ప్రతి మ్యాచ్‌కు ఒక్క తెలుగు మనిషిని బౌండరీ దగ్గర నిలబెట్టినా ఈ ఫిర్యాదుల్లో సగం తగ్గుతాయి.

పాత తగాదాలు అదే బల్ల దగ్గరకు చేరడమూ తెలుగులో ఉంది. 2019 ప్రపంచకప్‌కు విజయ్ శంకర్‌ను ఎంపిక చేస్తూ అతడిలో మూడు కోణాలు (త్రీ డైమెన్షన్స్) ఉన్నాయని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ అన్నారు. చోటు దక్కని అంబటి రాయుడు త్రీడీ కళ్లజోడు కొన్నానని ట్వీట్ చేశాడు. తరువాతి కాలంలో ఇద్దరూ తెలుగు వ్యాఖ్యానంలో వినిపించారు. జట్టు ఎంపిక మీద వారిలో ఎవరు మాట్లాడినా శ్రోత మనసులో ఆ కళ్లజోడు మెదులుతుంది.

శిక్షల లెక్క

అంతర్జాతీయ క్రికెట్‌లో 2016 నుంచి డీమెరిట్ పాయింట్ల పద్ధతి ఉంది. ఇరవై నాలుగు నెలల్లో నాలుగు పాయింట్లు చేరితే సస్పెన్షన్. ఐపీఎల్‌లోనూ ఇలాంటిదే ఉంది. 2025 మే 19న లక్నోలో సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మను అవుట్ చేసి, నోటుబుక్కులో రాసుకున్నట్టు సైగ చేసిన లక్నో బౌలర్ దిగ్వేశ్ రాఠీకి ఒక మ్యాచ్ నిషేధం పడింది. ఎదురు తిరిగిన అభిషేక్‌కు మ్యాచ్ ఫీజులో 25 శాతం జరిమానా. రాఠీకి అది మూడో తప్పు కాబట్టి శిక్ష పెరిగింది. అభిమానులు తరచూ మరిచిపోయే విషయం ఇదే. రిఫరీ ఒక్క సంఘటనను చూసి శిక్ష వేయడు, పాత ఖాతా కూడా తీస్తాడు.

ముందుముందు

మైకు దగ్గర మాట జాగ్రత్తగా, దూరంగా ఉన్నప్పుడు స్వేచ్ఛగా మాట్లాడే అలవాటు ఆటగాళ్లలో పెరుగుతున్నది. వినిపించాలనే ఉద్దేశంతో మాట్లాడేవారూ పెరుగుతున్నారు. ఊళ్ల టోర్నమెంట్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తున్నాయి. షామియానా కింది వ్యాఖ్యాత మాట ఇప్పుడు దుబాయిలో పనిచేసే పాలమూరు కూలీకీ వినిపిస్తున్నది. అతడు ఎండ కళ్లలో పడిందని కాపాడిన క్యాచ్‌ను ఎవరైనా వెనక్కి తిప్పి చూడవచ్చు.

సాయంత్రం వేళ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కాలేజీ మైదానంలో ఆడే పిల్లలను గమనిస్తే ఈ వడపోత ఫలితం కనిపిస్తుంది. వికెట్ల వెనుక నిలబడిన పిల్లవాడు ధోనీలా, పంత్‌లా మాట్లాడుతూనే ఉంటాడు. సూచనలు, ఎగతాళి, పాట అన్నీ వస్తాయి. బౌలింగ్ వేసే పిల్లవాడు వికెట్ పడగానే సిరాజ్‌లా పరుగెత్తి, గాలిలోకి ఎగిరి, చేతులు కిందికి విదిలించి నిలబడతాడు. నోటి వెంట మాట రాదు, ఎందుకంటే సిరాజ్ ఏమంటాడో అతడు ఎప్పుడూ సరిగా వినలేదు.